ఊళ్లో జ్వరాల పుస్తకం పెట్టడం ఎలా?

తొలకరి పడి కాలువలకు నీళ్లు వదిలారంటే మా కోనసీమ సబ్‌సెంటర్లలో ఫోన్లు మోగడం మొదలవుతుంది. వేసవిలో కాలువలు కట్టేసినప్పుడు అడుగున పేరుకున్న చెత్తంతా కొత్త నీటితో పాటు మంచినీటి చెరువుల్లోకి కొట్టుకొస్తుంది. దానికి తోడు వానలు. వారం తిరక్కుండానే ఒక ఇంట్లో వాంతులు, ఇంకో ఇంట్లో చలిజ్వరం.

నేను ఏఎన్‌ఎంగా చేస్తున్నాను. చేరిన కొత్తలో వారానికోసారి ఎస్ ఫారం, అంటే ఏ లక్షణంతో ఎంతమంది ఉన్నారో రాసే కాగితం, చేత్తో నింపి పీహెచ్‌సీకి ఇచ్చేవాళ్లం. ఇప్పుడు అదే సమాచారం ఐహెచ్‌ఐపీ అనే ప్రభుత్వ ఆన్‌లైన్ పోర్టల్‌లో ఎప్పటికప్పుడు ఎక్కిస్తున్నాం. ఏది నింపినా దాని వెనక ఒక లాంగ్ నోట్‌బుక్ ఉండాలన్నది నా పట్టుదల. ఫోన్‌లో ఎక్కించింది పైకి వెళ్లిపోతుంది, నోట్‌బుక్ మన దగ్గరే ఉంటుంది. ఏ వీధిలో ఏం జరుగుతోందో దాన్ని తిరగేస్తే కనబడుతుంది. దాన్ని ఎలా పెట్టాలో, ఎలా చదవాలో ఇక్కడ రాస్తున్నాను. కొత్తగా చేరిన ఆశా కార్యకర్తలకు, సచివాలయం ఏఎన్‌ఎంలకు ముందుగా పనికొస్తుంది. వార్డు మెంబర్లు, బడి హెడ్మాస్టర్లు, కాలనీ అసోసియేషన్ల వాళ్లు కూడా చేయగలిగిన పనే ఇది.

రోగం పేరు కోసం ఆగకండి

పుస్తకంలో అన్నిటికంటే ముఖ్యమైనవి రెండు గళ్లు: జబ్బు మొదలైన తేదీ, మనిషి ఉండే వీధి. రోగం పేరు తీరిగ్గా వస్తుంది. రిపోర్టు వచ్చాక రాద్దామని కూర్చుంటే ఈలోపు అది పక్క వీధికి పాకుతుంది.

2020 డిసెంబరు 5న ఏలూరు వన్‌టౌన్‌లో జనం ఉన్నట్టుండి మూర్ఛలొచ్చి పడిపోవడం మొదలైంది. కొద్ది రోజుల్లోనే వందల మంది ఆసుపత్రికి వచ్చారు. తర్వాత చేసిన పరీక్షల్లో రక్తంలో సీసం, నికెల్ కనిపించాయి, పురుగుమందుల మీదా అనుమానం వెళ్లింది. అంటే అది అంటురోగమే కాదు. కానీ మొదటి రోజున ఆ సంగతి ఎవరికీ తెలిసే వీల్లేదు. అలాంటి రోజున పనికొచ్చేది ఏ వీధి, ఎన్ని గంటలకు, ఏం తాగారు, ఏం తిన్నారు అన్న వివరమే. అందుకని పుస్తకంలో లక్షణం రాయండి. జ్వరం మాత్రమే ఉందా, జ్వరంతో దద్దుర్లా, జ్వరంతో కీళ్ల నొప్పులా, నీళ్ల విరేచనాలా, కళ్లు పచ్చబడ్డాయా అని రాస్తే చాలు.

దేన్ని విరేచనాలని రాస్తామో ముందే అనుకుని దానికే కట్టుబడాలి. 24 గంటల్లో మూడుసార్లు, అంతకు మించి పల్చగా అయితే రాస్తాం. జూన్‌లో రెండుసార్లు వెళ్లిన వాళ్లనీ రాసి, జులైలో పనెక్కువై మరీ నీరసించిన వాళ్లనే రాశారనుకోండి, జులైలో జబ్బు తగ్గినట్టు కనబడుతుంది. నిజానికి తగ్గింది మన ఓపిక. ఆశా మారినా, ఏఎన్‌ఎం మారినా కొలత మారకూడదు. అందుకే ఆ కొలతల్ని నోట్‌బుక్ మొదటి పేజీలోనే రాసి పెట్టుకోండి.

రెండు వారాలు దాటిన దగ్గు ఉంటే ఆ మనిషిని కఫం పరీక్షకు పంపండి. కానీ టీబీ, హెచ్‌ఐవీ వివరాలు ఈ పుస్తకంలోకి రాకూడదు. వాటికి వేరే రికార్డులున్నాయి. పదిమంది చేతుల్లో నలిగే పుస్తకంలో అవి ఉండటం తప్పు.

జబ్బులు లేని రోజుల్లోనే మొదలుపెట్టాలి

మామూలుగా వారానికి ఎన్ని జ్వరాలొస్తాయో తెలియకపోతే ఎక్కువయ్యాయో లేదో చెప్పలేం. వెయ్యి మంది ఉన్న ఊళ్లో వారానికి ఐదారు జ్వరాలు సహజమే కావచ్చు. అదే మాఘమాసంలో పన్నెండు వస్తే ఆలోచించాలి. కాబట్టి ఊరు ప్రశాంతంగా ఉన్నప్పుడే మొదలుపెట్టండి. ఏమీ లేని వారానికి కూడా "ఏమీ లేవు" అని తేదీ వేసి రాయండి. ఖాళీగా వదిలేస్తే జబ్బులు లేవో, ఎవరూ తిరగలేదో తర్వాత తెలియదు.

తర్వాత మ్యాపు. చార్టు మీద చేత్తో గీసింది చాలు. వీధులు, ఇళ్లు, బడి, అంగన్‌వాడీ, టిఫిన్ బళ్లు, చెత్త పోసే చోటు గుర్తించండి. వీటన్నిటికంటే ముఖ్యం మంచినీటి పైపు దారి. ఓవర్‌హెడ్ ట్యాంకు నుంచి ఏ వీధికి ముందు వెళ్తుంది, ఎక్కడ మురుగుకాలువ దాటుతుంది, వాల్వులు ఎక్కడున్నాయి, చివరి కుళాయి ఎవరింటి దగ్గర? పంచాయతీలో రోజూ నీళ్లు వదిలే మనిషిని వెంటబెట్టుకుని ఒక పొద్దుట ఊరంతా తిరగండి. ఆయనకు తెలిసినంత ఏ కాగితంలోనూ ఉండదు. ప్రెజర్ చాలక కొందరు ఇంటి ముందు గొయ్యి తవ్వి, పైపు కిందికి కోసి బిందె పెట్టుకుంటారు. ఆ కుళాయి గుంటలన్నీ మ్యాపు మీద ఎర్ర పెన్నుతో పెట్టండి. వాన పడితే వీధి నీళ్లు నిలిచేది అందులోనే, కుళాయి కట్టేశాక పైపులోకి వెనక్కి వెళ్లేదీ అందులోంచే.

తేదీ అడిగే పద్ధతి

"జ్వరం ఎన్ని రోజుల నుంచి?" అని అడిగితే ఏ ఇంట్లోనైనా "మూడు నాలుగు రోజుల్నుంచి" అనే అంటారు. అది రాసుకుంటే లెక్క దేనికీ పనికిరాదు. ఊరికి గుర్తుండే రోజును పట్టుకుని అడగాలి.

"పిన్నిగారూ, బాబుకి ఒళ్లు కాలడం ఎప్పుడు మొదలైందండీ?"

"మూడు నాలుగు రోజులవుద్దమ్మా."

"మొన్న సంత రోజున బానే ఉన్నాడా?"

"సంతకి నాతోనే వచ్చాడు కదా, జాంకాయలు కొనమని ఒకటే గోల. ఆ రాత్రే మూలిగాడు."

ఇక సంత తేదీ వేసేయడమే. సంత, పింఛన్లు ఇచ్చే ఒకటో తారీఖు, డ్వాక్రా మీటింగు, గుళ్లో భజన, చర్చికి వెళ్లే ఆదివారం, ఏదో ఒకటి ప్రతి ఇంటికీ గుర్తుంటుంది. మనం వెళ్లిన తేదీని వేరే గడిలో రాయండి. ఈ రెంటినీ కలిపేస్తే మనం తిరిగిన రోజునే జబ్బులన్నీ పుట్టినట్టు ఉంటుంది.

మిగతా గళ్లు: వయసు, ఆడా మగా, తాగేది కుళాయా బోరా ఆర్‌ఓ క్యానా, వైద్యం ఎక్కడ చేయించారు, ఏ పరీక్ష చేశారు, మళ్లీ చూసిన రోజు ఎలా ఉన్నారు. గత రెండు వారాల్లో ఊరు దాటారా అన్నది తప్పకుండా ఉండాలి. మా వైపు గల్ఫ్ నుంచి వచ్చేవాళ్లు, హైదరాబాద్ నుంచి పండక్కి వచ్చేవాళ్లు ఎక్కువ. మలేరియా ఉండే రంపచోడవరం, చింతూరు మన్యం వైపు పనికి వెళ్లొచ్చిన మనిషికి చలిజ్వరమంటే నేను ఆ రోజే మలేరియా కిట్టుతో చూసి, రక్తం స్లైడు తీస్తాను.

ఇంకో గడి చాలామంది పెట్టుకోరు: పగలు ఎక్కడ ఉంటారు? డెంగీ దోమ కుట్టేది పగలు. పిల్లాడి ఇల్లు ఒక వీధి, వాడిని దోమ కుట్టింది ఇంకో వీధి కావచ్చు. మా పరిధిలో ఒకసారి ఒకదానికొకటి సంబంధం లేని రెండు వీధుల్లో ఇద్దరు పిల్లలకు డెంగీ రక్తపరీక్ష ఎన్‌ఎస్1 పాజిటివ్ వచ్చింది. రెండు ఇళ్లూ గాలిస్తే ఏమీ దొరకలేదు. పగలు ఎక్కడుంటారో రాసిన గడి చూస్తే ఇద్దరిదీ ఒకే ట్యూషన్. ఆ ఇంటి పెరట్లో వాడకం మానేసిన లెట్రిన్‌లో సిమెంటు తొట్టి ఉంది. టార్చి వేసి చూస్తే నీళ్లలో దోమ పిల్లలు గిలగిల కొట్టుకుంటూ కిందికి దిగాయి. మ్యాపు మీద అది ఆ రెండు వీధుల్లో ఏదీ కాదు, మూడోది.

వైద్యం గడిలో ఊళ్లో ఆర్ఎంపీ రాసిచ్చిన చీటీ చూసి "టైఫాయిడ్" అని ఎక్కించకండి. ఒక్కసారి వైడాల్ అనే రక్తపరీక్ష చేసి టైఫాయిడ్ అని తేల్చేయడం మన పల్లెల్లో మామూలైపోయింది. ఆ పరీక్ష మీద అంత నమ్మకం పెట్టుకోవడానికి లేదు. "జ్వరం, వైడాల్ చేశారట" అని రాసి, మన పీహెచ్‌సీ డాక్టరుగారికి చూపించమనండి. పొదల్లో, చేలల్లో పని చేసేవాళ్లకు వారం దాటినా తగ్గని జ్వరం ఉంటే చంకలో, గజ్జల్లో, నడుం దగ్గర సిగరెట్టుతో కాల్చినట్టు నల్లటి చెక్కు కట్టిన మచ్చ ఉందేమో చూడమని అడగండి. పొదల్లో ఉండే సన్నటి పురుగు కుడితే వచ్చే స్క్రబ్ టైఫస్ జ్వరంలో అది రావచ్చు. నొప్పి ఉండదు కాబట్టి వాళ్లంతట వాళ్లు చెప్పరు. మచ్చ లేదని స్క్రబ్ టైఫస్ కాదనుకోకూడదు కూడా.

ఇంటింటికీ తిరగని రోజున

రోజూ అన్ని ఇళ్లూ తిరగడం ఎవరివల్లా కాదు. కోవిడ్ రోజుల్లో ఫీవర్ సర్వేలు చేశాం గానీ అప్పుడు మనుషులు, వలంటీర్లు అంతమంది ఉన్నారు. మామూలు రోజుల్లో కబురు వచ్చే చోట్లను పట్టుకోవాలి. బడిలో హాజరు తగ్గిందా అని హెడ్మాస్టరుగారిని అడగడానికి రెండు నిమిషాలు పట్టదు. అంగన్‌వాడీ టీచరు, మెడికల్ షాపు వాళ్లు, ఆర్ఎంపీలు, చాకలివాళ్లు, టౌన్ ల్యాబుకు రక్తం పట్టుకెళ్లే కుర్రాడు, వీళ్లందరూ మనకంటే ముందు తెలుసుకుంటారు. మెడికల్ షాపులో ఓఆర్ఎస్ ప్యాకెట్లు ఒక్కరోజులో అయిపోయాయంటే అది వార్తే. ఆర్ఎంపీలను దొంగల్లా చూస్తే ఒక్క కబురూ చెప్పరు. మర్యాదగా "మీ దగ్గరికి ఈ వారం ఏ వీధి నుంచి ఎక్కువ వచ్చారండీ?" అని అడిగితే చాలామంది చెబుతారు. నాకు కబుర్లు ఎక్కువగా వచ్చేది వాళ్ల దగ్గర్నుంచే.

కోళ్లు గుంపుగా చచ్చిపోతున్నాయని తెలిస్తే పశువైద్య సహాయకుడికి చెప్పండి, వాటిని పెంచేవాళ్లలో జ్వరం, దగ్గు ఉన్నాయేమో చూడండి. 2025 ఫిబ్రవరిలో మా పక్కనే తూర్పు, పశ్చిమ గోదావరి జిల్లాల కోళ్ల ఫారాల్లో బర్డ్ ఫ్లూ తేలింది. చచ్చిన కోడిని చేత్తో ముట్టుకుని కాలువలో పారేయడం ఇప్పటికీ చూస్తున్నాను.

పుస్తకాన్ని చదవడం

రాయడం చాలామంది చేస్తారు. చదివేవాళ్లు తక్కువ. వారానికోసారి, నేనైతే శనివారం సాయంత్రం, పుస్తకం ముందు పెట్టుకుని మ్యాపు మీద చుక్కలు పెడతాను. జ్వరానికి నీలం, విరేచనాలకు ఎరుపు, కామెర్లకు ఆకుపచ్చ. 1854లో లండన్‌లో జాన్ స్నో అనే వైద్యుడు చేసింది ఇదే పని. కలరా చావులు జరిగిన ఇళ్లను మ్యాపు మీద గుర్తిస్తే అవి బ్రాడ్ స్ట్రీట్‌లో ఒక చేతిపంపు చుట్టూ కూడుకున్నాయి. కలరా నీళ్లతో వస్తుందంటే అప్పటికి చాలామంది వైద్యులే ఒప్పుకునేవారు కాదు.

మ్యాపుతో పాటు ఒక గ్రాఫ్ పేపరు. అడుగున తేదీలు, ఒక్కో మనిషికి ఒక్కో గడి, జబ్బు మొదలైన తేదీ మీద పేర్చుకుంటూ వెళ్లండి. అన్నీ ఒకటి రెండు రోజుల మీదే గోపురంలా లేస్తే ఒకేసారి తిన్నదో తాగిందో కారణం, పెళ్లో అన్నదానమో చూడండి. రోజుకు కొన్ని చొప్పున ఆగకుండా సాగుతుంటే నీళ్లలో ఇంకా కలుస్తూనే ఉంది. మధ్యలో కొన్ని రోజులు తెరిపి ఇచ్చి మళ్లీ లేస్తుంటే మనిషి నుంచి మనిషికి పాకుతున్నట్టు.

మా దగ్గర ఒక తొలకరికి ఒకే వీధిలో వరసగా విరేచనాలు మొదలయ్యాయి. ఆ వారంలో జరిగిన పెళ్లి భోజనం మీదికి నెట్టేశారంతా. వంటవాళ్లను తిట్టడం కూడా అయిపోయింది. పుస్తకం తీస్తే జబ్బు పడిన ఇళ్లలో సగం మంది ఆ పెళ్లికి వెళ్లనే లేదు. తేదీలు కూడా ఒక్కరోజు మీద లేవు, వారమంతా పరుచుకుని ఉన్నాయి. మ్యాపు మీద ఎర్ర చుక్కలన్నీ తూము దాటాక ఉన్న ఇళ్ల మీదే పడ్డాయి. తూముకు ఇవతల ఒక్కటీ లేదు. ట్యాంకు దగ్గర కుళాయి నీళ్లలో క్లోరిన్ ఉందో లేదో చూసే ఆర్థోటోలిడిన్ చుక్కలు వేస్తే, ఉన్నట్టు పసుపు రంగు తేలింది. తూము దాటిన కుళాయి నీళ్లలో వేస్తే గ్లాసులో నీళ్లు నీళ్లలాగే ఉన్నాయి. చూస్తే మురుగుకాలువలోంచి వెళ్లే పైపు జాయింటు వదులైంది. నీళ్లు వదిలినంతసేపూ అక్కడ బయటికి కారుతుంది. కట్టేయగానే పైపు ఖాళీ అయి, మురుగును లోపలికి పీల్చుకుంటుంది. మర్నాడు పొద్దున్న ముందుగా బిందె పెట్టిన ఇంటికి ఆ నీళ్లే వస్తాయి.

అందుకే క్లోరిన్ పరీక్ష ఎప్పుడూ చివరి కుళాయి దగ్గర చేయండి. అక్కడ లీటరుకు కనీసం 0.2 మిల్లీగ్రాములు మిగలాలి. ట్యాంకులో వెయ్యి లీటర్లకు సుమారు 2.5 గ్రాముల మంచి బ్లీచింగ్ పౌడరు వేసి, గంటసేపు ఆగి వదలాలి. మూత తీసి నెలలు దాటిన పౌడరులో ఘాటు పోతుంది, దాన్ని ఎంత వేసినా లాభం లేదు.

ఎన్ని రోజులు వెనక్కి వెళ్లి వెతకాలన్నది జబ్బును బట్టి ఉంటుంది. కలరా కొన్ని గంటల నుంచి 5 రోజుల్లో, డెంగీ 4 నుంచి 10 రోజుల్లో బయటపడుతుంది. తట్టు దద్దుర్లు వైరస్ సోకిన రెండు వారాలకు తేలతాయి. కామెర్లు మరీ ఆలస్యం. హెపటైటిస్ ఎ 2 నుంచి 4 వారాలు, హెపటైటిస్ ఇ అంతకంటే ఎక్కువే తీసుకోవచ్చు. ఈరోజు కామెర్లు కనబడితే ఈరోజు నీళ్లు పరీక్ష చేసి "బాగున్నాయి" అనడం సరిపోదు. నెల క్రితం పైపు ఎక్కడ పగిలిందో, ఎప్పుడు వరద వచ్చిందో అడగాలి.

ఫోన్ ఎప్పుడు చేయాలి

కొన్నిటికి ఒక్క కేసు చాలు. 15 ఏళ్లలోపు పిల్లలకు ఉన్నట్టుండి కాలో చెయ్యో చచ్చుబడితే వెంటనే మెడికల్ ఆఫీసరుకు చెప్పాలి. మనకు పోలియో పోయిందని 2014లో సర్టిఫికెట్ వచ్చింది, అయినా ఈ నిఘా ఆగలేదు. మొదలైన 14 రోజుల్లోపు, 24 గంటల తేడాతో రెండు మలం శాంపిళ్లు తీయాలి కాబట్టి ఒక్కరోజు కూడా పోగొట్టుకోకూడదు. జ్వరంతో దద్దుర్లు ఒక్క పిల్లాడికి వచ్చినా అంతే. "అమ్మవారు పోసింది" అని ఇంటికి వేపాకు కడతారు. కట్టనివ్వండి, వాళ్ల నమ్మకాన్ని కించపరచవద్దు. గుమ్మం బయటే నిలబడి తేదీ అడగండి, టీకా కార్డు చూడండి, డాక్టరుగారికి ఫోన్ చేయండి. పెద్దవాళ్లు నీళ్ల విరేచనాలతో కళ్లు లోపలికి పోయి నీరసించినా, చనిపోయినా అది కూడా ఆ గంటలోనే చెప్పాల్సిన సంగతి.

మామూలు జ్వరాలు, విరేచనాలు అయితే ఒకే వీధిలో వారంలో మూడు ఇళ్లు దాటితే నేను ఫోన్ చేస్తాను. ఫోన్ చేస్తే "ఇంతేనా" అంటారని వెనకాడకండి. చెప్పాల్సింది నాలుగు మాటల్లో చెప్పండి: ఏ వీధి, ఎంతమంది, మొదటిది ఏ తేదీ, ఎవరైనా సీరియస్‌గా ఉన్నారా. మనిషి పరిస్థితి బాగోలేకపోతే 108 ముందు, పుస్తకం తర్వాత. యాంటీబయాటిక్ వేయకముందే మలం శాంపిల్ తీస్తే ల్యాబులో ఫలితం తేలే అవకాశం ఎక్కువ. ఈలోపు ఓఆర్ఎస్ ఆపకూడదు. ప్యాకెట్టు మొత్తం లీటరు నీళ్లలో కలపాలి, గ్లాసులో కొంచెం కొంచెంగా కాదు. చిన్న పిల్లలకు విరేచనాలు కట్టినా జింకు 14 రోజులూ వేయించాలి.

డెంగీ అనుమానం ఉన్నవాళ్లను మళ్లీ చూడటం నేను ఎప్పుడూ వదలను. జ్వరం తగ్గిన రోజే ఇంట్లోవాళ్లు ఊపిరి పీల్చుకుంటారు, ప్రమాదం మొదలయ్యేది తరచుగా అప్పుడే. విపరీతమైన కడుపునొప్పి, ఆగని వాంతులు, చిగుళ్ల నుంచి రక్తం, మత్తుగా పడి ఉండటం, వీటిలో ఏది కనబడినా ఆసుపత్రికే. పారాసెటమాల్ తప్ప ఒళ్లునొప్పుల మాత్రలు వేసుకోవద్దని ఇంట్లో ఇద్దరికి చెప్పి రండి, ఒకరు మర్చిపోయినా ఇంకొకరు గుర్తుంచుకుంటారు.

ఆ ఇంటి చుట్టూ ఇళ్లలో, నీళ్ల తొట్లు ఖాళీ చేసి ఆరబెట్టే శుక్రవారం డ్రై డే కోసం ఆగకుండా అదే రోజు తొట్లు చూడండి. గుడ్డు నుంచి దోమ ఎగరడానికి వారం పది రోజులే. మా కొబ్బరితోటల్లో తిరగేయని చిప్పలు, పాత రోళ్లు, ఫ్రిజ్ వెనక ట్రే, చెప్పుల స్టాండు పక్కన పడేసిన టైరు, వీటిలోనే దోమ పిల్లలు ఎక్కువ దొరుకుతాయి. నీళ్లు పారబోయడంతో సరిపెట్టకండి. గుడ్లు నీటి అంచు పైన గోడకు అంటుకుని ఎండినా నెలల తరబడి బతుకుతాయి. లోపలి గోడను పీచుతో గట్టిగా రుద్దించాలి. చూసిన ఇళ్లెన్ని, దోమ పిల్లలు కనబడిన ఇళ్లెన్ని అని పుస్తకంలో రాయండి. ఫాగింగ్ ఎగిరే దోమను చంపుతుంది గానీ తొట్టిలో ఉన్నదాన్ని ఏమీ చేయదు.

వీటన్నిటిలో జనం మన మీద పెట్టుకున్న నమ్మకం పోకూడదు. రోగి పేరు ఊరి వాట్సాప్ గ్రూపులో పెట్టకండి, ఎవరు అడిగినా సరే. "ఫలానా వీధిలో కుళాయి నీళ్లు రెండు రోజులు కాచి తాగండి" అని పెడితే సరిపోతుంది. ఒకసారి పేరు బయటపడితే ఆ ఇంట్లోనే కాదు, ఆ వీధిలోనే మళ్లీ ఎవరూ జ్వరం ఉందని చెప్పరు. పుస్తకంలో పేరు బదులు ఇంటి నంబరు వాడితే ఇంకా మంచిది.

జబ్బు ఆగిందని ఎప్పుడు చెప్పాలి? చివరి కేసు తర్వాత ఆ జబ్బు బయటపడటానికి పట్టే గరిష్ఠ కాలానికి రెండింతలు కొత్త కేసు లేకుండా గడవాలి. కలరా అయితే 10 రోజులు, డెంగీ అయితే దాదాపు 3 వారాలు. అప్పటిదాకా తిరగడం ఆపకండి. ఆగాక ఎంతమందికి వచ్చింది, ఏ వీధి, కారణం ఏమని తేలింది, ఏం మరమ్మతు కావాలి అన్నది ఒక పేజీలో రాసి పంచాయతీకి, తాగునీటి శాఖ ఏఈగారికి దరఖాస్తుగా ఇవ్వండి. అందినట్టు సంతకం, తేదీ వేయించుకుని ఆ కాపీని నోట్‌బుక్‌లోనే అతికించండి. మరమ్మతు అయ్యాక అదే చివరి కుళాయి దగ్గర మళ్లీ క్లోరిన్ పరీక్ష చేసి, ఫలితం దాని కిందే రాయండి.